ఎండలో నలక, తెరమీద నలక

పెంకుటింటి కప్పు సందు నుంచి చీకటి గదిలోకి ఎండ ఏటవాలుగా దిగినప్పుడు అందులో సన్నని నలకలు తేలియాడడం తెలుగునాట చూడనివారు అరుదు. ప్రాచీన తార్కికులు ఆ నలకకు త్రసరేణువని పేరు పెట్టి, కంటికి కనబడే వాటిలో అంతకన్న చిన్నది లేదన్నారు. నిజానికి ఆ నలకలు గది అంతటా ఉన్నాయి. ఎండ పడని మూలన కూడా ఉన్నాయి, కాని అక్కడ కానరావు. ఎండ పడినంత మేరకు, వెనుక నీడ ఉన్నంత మేరకు మాత్రమే అవి తెలుస్తాయి. చూసేవాని కంటికి చేరేది నలక నుంచి చెదిరి వచ్చిన వెలుగే గదా!

ఈ చిన్న సంగతిని విస్మరించడం వల్లనే నేటి వీడియోలలో ఒక అలంకారం తరచు వికటిస్తున్నది. సెల్‌ఫోనుతో తీసిన సాదా వీడియో మీద బంగారు నలకలనో, నిప్పురవ్వలనో, పొగమంచునో, ఏటవాలు కిరణాలనో ఒక పై పొరగా అతికిస్తారు. ఈ పొరను ఆ పనివారు ఓవర్‌లే అంటారు. నలకల పొరలు, వెలుగు పొరలు అని వీటిలో రెండు జాతులు. రెండూ తయారు సరుకుగా దొరుకుతాయి. ఫోనులోనే రెండు నిమిషాలలో అతికించవచ్చు. పెళ్ళి పిలుపుల వీడియోలలో, భక్తి గీతాల వీడియోలలో ఇవి ఉన్నంతకాలం అందంగా ఉన్నాయా లేదా అన్నంత వరకే విచారణ. ఉపాధ్యాయులు స్వయంగా తీసి విద్యార్థులకు పంపే ప్రయోగాల వీడియోలలోకి కూడా ఇవి వచ్చిన తరువాత మరొక ప్రశ్న పుడుతుంది: ఈ పొర కింద ఉన్న సాక్ష్యం చెడకుండా మిగిలిందా?

ఉపాయం మాత్రం కొత్తది కాదు. ఫ్రాన్సు దేశస్థుడు జార్జ్ మెలియే 1898లో తీసిన ఒక చిన్న చిత్రంలో తన తలను ఊడదీసి బల్లమీద పెట్టి, మరొక తల మొలిపించుకొని, అలా నాలుగు తలలతో కచేరీ చేయించాడు. 1900లో మరొక చిత్రంలో ఏడుగురు వాద్యగాళ్ళూ తానే అయినాడు. నల్లని నేపథ్యం ముందు నటించి, ఫిల్మును వెనక్కి చుట్టి, అదే ఫిల్ము మీద మళ్ళీ చిత్రించడం అతని రహస్యం. నల్లని చోటు నుంచి వెలుగు రాదు కనుక ఫిల్ము అక్కడ తాజాగానే మిగిలి, రెండవసారి పడిన వెలుగును స్వీకరించేది. నేటి ఓవర్‌లేలు కూడా సాధారణంగా నల్లని నేపథ్యం మీదనే ఉంటాయి. నలుపు మాయమై, వెలుగు మాత్రం కింది బొమ్మకు కలుస్తుంది. ఒక భేదం ఉన్నది. మెలియే ఫిల్ము మీద కూడినవి రెండు వెలుగులు. కంప్యూటరులో కూడేవి రెండు సంఖ్యలు. ఈ భేదం చిన్నదిగా కనబడుతుంది గాని, తెరమీద కనబడే తప్పులలో చాలా భాగం దీనివల్లనే వస్తున్నవి.

వీడియోలో ప్రతి చుక్కకు, అనగా ప్రతి పిక్సెలుకు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల మోతాదులు సంఖ్యలుగా ఉంటాయి. సాధారణంగా 0 అంటే నలుపు, 255 అంటే నిండు వెలుగు. పై పొరను కలపడానికి రెండు పద్ధతులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఒకటి ‘యాడ్’. రెండు సంఖ్యలను కూడి, మొత్తం 255 దాటితే 255 దగ్గరే ఆపివేస్తారు. రెండవది ‘స్క్రీన్’. ఒక్కొక్క సంఖ్య 255కు ఎంత తక్కువో చూసి, ఆ రెండు తక్కువలను గుణించి, 255 చేత భాగించి, వచ్చినదాన్ని 255 నుంచి తీసివేస్తారు. కింది బొమ్మలో 200, పై పొరలో 100 ఉన్నాయనుకుంటే యాడ్ పద్ధతిలో 300 కావలసినది 255 అవుతుంది, అంటే ఆ చోట వివరమంతా పోయి మొద్దు తెలుపు మిగులుతుంది. స్క్రీన్ పద్ధతిలో 55ను 155 చేత గుణించి, 255 చేత భాగిస్తే సుమారు 33. దాన్ని 255 నుంచి తీసివేస్తే 222. పై పొరలో 0 ఉంటే రెండు పద్ధతులలోనూ కింది బొమ్మ చెక్కుచెదరదు. నలుపు మాయం కావడంలోని మర్మం ఇంతే.

అసలు మెలిక వేరొక చోట ఉన్నది. 128 అన్న సంఖ్య 255లో సగం కనుక అది సగం వెలుగును సూచిస్తుందని ఎవరైనా అనుకుంటారు. అది పొరపాటు. మనిషి కన్ను మసక వెలుగులోని చిన్న తేడాలను పసిగట్టినంత బాగా నిండు వెలుగులోని తేడాలను పసిగట్టలేదు. అందుచేత చీకటి వైపు ఎక్కువ సంఖ్యలను, వెలుగు వైపు తక్కువ సంఖ్యలను కేటాయించారు. కంప్యూటరు తెరలకు వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం 128 అంటే నిండు వెలుగులో నూటికి సుమారు 21.6 పాళ్ళు మాత్రమే. ఇప్పుడు గోడ మీద ఒకే చోట రెండు దీపాల వెలుగు పడిందనుకోవాలి. ఒక్కొక్క దీపం విడిగా 128 అన్న సంఖ్యను ఇస్తున్నది. రెండూ కలిస్తే వెలుగు 43.2 పాళ్ళు. దాన్ని తిరిగి సంఖ్యగా మారిస్తే సుమారు 176. ప్రకృతి చెప్పే జవాబు ఇది. యాడ్ పద్ధతి 255 అంటుంది. స్క్రీన్ పద్ధతి 192 అంటుంది.

అందువల్ల యాడ్ పద్ధతిలో అతికించిన వెలుగు పొర ముఖాల మీద సున్నం పూసినట్లుంటుంది. స్క్రీన్ లెక్క ప్రకృతి లెక్క కాదు, అయినా ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నది. తెలియకపోయినా చాలామంది పనివారు దాన్నే ఎంచుకోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. మంచి సాధనాలు ముందుగా సంఖ్యలను వెలుగు మోతాదులుగా మార్చి, కూడి, మళ్ళీ సంఖ్యలుగా మారుస్తాయి. ఉచితంగా దొరికే బ్లెండర్‌లో చిత్రాలను కలిపే పని ఈ విధంగానే సాగుతుంది. పై తరగతుల గణితం చెప్పేవారికి ఇది మంచి అభ్యాసం: ఘాతాంకాలు ఎందుకని అడిగే విద్యార్థికి తన ఫోను తెరే జవాబు చెబుతుంది.

నలకల పొరలకు మూలపురుషుడని చెప్పదగిన పని 1982 జూనులో విడుదలైన అమెరికా చిత్రం ‘స్టార్ ట్రెక్’ రెండవ భాగంలో ఉన్నది. జీవం లేని ఒక గోళాన్ని ఒక అస్త్రం తాకుతుంది. తాకినచోట పుట్టిన మంట గోడలా లేచి, గోళమంతా వలయాలుగా చుట్టుకొని, చివరకు దాన్ని పచ్చని నేలగా మారుస్తుంది. ఆ మంటను లూకాస్‌ఫిల్మ్ సంస్థ కంప్యూటరు విభాగంలో విలియం రీవ్స్ సృష్టించాడు. తన పద్ధతిని 1983లో ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. మంట, మేఘం, పొగ వంటి వాటికి స్థిరమైన ఆకారం లేదు. అంచులు గీసి చూపడం కుదరదు. కనుక అతడు మంటను బొమ్మగా గీయడం మానివేసి, లక్షల కణాల గుంపుగా భావించాడు. ప్రతి కణానికీ ఒక పుట్టుక, ఒక వేగం, ఒక రంగు, ఇంత అని ఒక ఆయుర్దాయం. ఆ విలువలు కొన్ని హద్దుల మధ్య యాదృచ్ఛికంగా నిర్ణయమవుతాయి. ఆయువు తీరగానే కణం లెక్కలోంచి పోతుంది. పైకి ఎగసిన కణం గురుత్వాకర్షణకు లోబడి, విసిరిన రాయిలాగే పరావలయంలో కిందికి వస్తుంది. మంట కెమెరాను ముంచెత్తబోయే ఘట్టంలో ఇటువంటి కణాలు 7,50,000 దాకా ఉన్నాయి.

ఆ పత్రంలో రంగును గురించి చెప్పిన భాగం ప్రత్యేకంగా చదవదగినది. రీవ్స్ ఏ కణానికీ పసుపు రంగు వేయలేదు. ప్రతి కణంలోనూ ఎరుపు అధికం, ఆకుపచ్చ కొంచెం, నీలం మరీ కొంచెం. ప్రతి కణాన్నీ ఒక చిన్న దీపంగా లెక్కించాడు; ఒకదాని వెనుక ఒకటి ఉన్నా, ముందుది వెనుకదాన్ని కప్పదు, రెండు వెలుగులూ కూడుతాయి. కణాలు పలుచగా ఉన్నచోట ఎరుపే కనబడుతుంది. దట్టమైన చోట ఎరుపు త్వరగా గరిష్ఠానికి చేరి ఆగిపోతుంది; ఆకుపచ్చ మాత్రం పెరుగుతూ పోతుంది. ఎరుపుకు ఆకుపచ్చ తోడైతే నారింజ, ఆపైన పసుపు. ఇంకా దట్టమైతే నీలం కూడా పోగుపడి తెలుపు. పైగా కాలం గడిచేకొద్దీ ఎరుపుకన్న ఆకుపచ్చ, నీలం త్వరగా తగ్గేటట్లు ఏర్పాటు చేశాడు గనుక, కణం చల్లారుతున్న ఇనుములా ఎర్రబడి ఆరిపోతుంది. కొలిమిలో ఇనుము వేడెక్కేటప్పుడు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపుగా మారే క్రమం ఇక్కడ ఉష్ణోగ్రత ప్రసక్తి లేకుండానే సిద్ధించింది. యాడ్ పద్ధతిలో 255 దగ్గర ఆగిపోవడం పైన దోషంగా కనబడింది. రీవ్స్ ఆ దోషాన్నే పనిముట్టుగా మార్చుకున్నాడు. దీన్ని భౌతికశాస్త్రమని అనరాదు. భౌతికశాస్త్రం తెలిసినవాడు చేసిన జిత్తు అనవచ్చు.

అంతకన్న మెచ్చుకోదగినది మరొకటి ఉన్నది. ఆ లెక్కలో కణాలు తమ వెలుగును తెరకు పంపగలవు గాని, పక్కనున్న నేల మీద పడవేయలేవు. అంత పెద్ద మంట రగులుతుంటే కింది నేల చీకటిగా ఉండడం అసంభవం. అందుకని గోళపు ఉపరితలాన్ని చిత్రించేటప్పుడు మంట వలయాల నడుమ, నేలకు పైన, ఒక బలమైన దీపాన్ని విడిగా లెక్కలో చేర్చారు. నేల మీద మంట వెలుగు పడింది. ప్రేక్షకుడు ఆ దీపాన్ని చూడడు, దాని ఉనికిని ఊహించనైనా ఊహించడు. అది లేకపోతే మాత్రం మంట గోళం మీద మండుతున్నట్లు కాక, గాజుపలక మీద గీసినట్లు ఉండేది.

నేడు దొరికే తయారు పొరలలో లేనిది సరిగ్గా ఈ దీపమే. ముఖం ముందు నిప్పురవ్వలు ఎగురుతుంటాయి, చెంప మీద ఒక్క రవ్వ కాంతి కూడా పడదు. కిటికీ కుడివైపున ఉన్నది, కిరణాలు ఎడమ నుంచి దిగుతాయి. ఇటువంటి వీడియోను చూసిన విద్యార్థి తప్పు ఎక్కడున్నదో చెప్పలేకపోవచ్చు, ఏదో అతకలేదని మాత్రం అతని కన్ను చెబుతుంది. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చూపిన వెన్నెలను తెలుగువారు నేటికీ తలచుకుంటారు. అది నలుపు తెలుపుల చిత్రం. రంగు సహాయం ఏమీ లేకుండా వెన్నెలను పలికించింది వెలుగునీడల అమరికే. నీలిరంగు పొర ఒకటి కప్పి రాత్రి అయిందనే వీడియోలను ఆ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

నలకల విషయంలో దిక్కు మరింత ముఖ్యం. గాలిలోని దుమ్ము వంటి, కాంతి తరంగాలకన్న చాలా పెద్దవైన కణాలు తమ మీద పడిన వెలుగులో అధికభాగాన్ని ముందుకే చెదరగొడతాయి. కనుక చూసేవాడు దీపానికి ఎదురుగా నిలిచినప్పుడు నలకలు మెరుస్తాయి; దీపం అతని వీపు వెనుక ఉన్నప్పుడు దాదాపు కనబడవు. మిట్టమధ్యాహ్నపు ఎండ కెమెరా వెనుక నుంచి నల్లబల్ల మీద తిన్నగా పడుతున్న వీడియోలో బంగారు నలకలు మెరవడం అందుకే అసంగతం. వేగం సంగతీ అంతే. మిల్లీమీటరులో నూరవ వంతు ఉండే ధూళికణం కదలని గాలిలో సెకనుకు ఒక సెంటీమీటరైనా కిందికి దిగదు. 2 మిల్లీమీటర్ల వానచినుకు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్లు పడుతుంది. కెమెరా రంధ్రం సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఆ వ్యవధిలో 13 సెంటీమీటర్లు జారి, చుక్కగా కాక గీతగా నమోదవుతుంది. దుమ్మును చినుకు వేగంతోను, చినుకును దుమ్ము ఆకారంలోను చూపే పొరలకు కొదవ లేదు. కెమెరా కుడికి తిరిగితే గదిలోని వస్తువులన్నీ తెరమీద ఎడమకు జరుగుతాయి. పై పొర నలకలు మాత్రం వాటితో జరగక, కటకానికి అంటుకున్న మురికిలా మిగిలిపోతాయి!

పొగది మరొక కథ. అగరువత్తి పొగ నల్లని గోడ ముందు నీలిఛాయతో తెల్లగాను, వెలుగుతున్న ఆకాశం ముందు గోధుమ ఛాయతో మసకగాను కనబడుతుంది. అది వెలుగును చెదరగొట్టడమే కాదు, వెనుక నుంచి వచ్చే వెలుగును అడ్డగిస్తుంది కూడా. యాడ్, స్క్రీన్ పద్ధతులు రెండూ వెలుగును పెంచగలవే గాని తగ్గించలేవు. కనుక వాటితో అతికించిన పొగ పట్టపగటి ఆకాశం ముందు మాయమైపోతుంది. కప్పే గుణం ఎంతో చెప్పే నాలుగవ సంఖ్యను ప్రతి పిక్సెలుకు జతచేసి ఈ చిక్కును విడదీసే గణితాన్ని 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు ప్రకటించారు. పొగ పొర కావలసినవారు ఆ నాలుగవ సంఖ్య ఉన్న పొరనే ఎంచుకోవాలి.

వెలుగు పొరలలో కొన్ని పరికరాల లోపాలను అలంకారంగా అనుకరిస్తాయి. సూర్యుణ్ణి చిత్రించినప్పుడు తెరమీద వరుసగా పడే రంగు బిళ్ళలు, కటకాల తలాల మధ్య వెలుగు అటూ ఇటూ పరావర్తనం చెందడం వల్ల పుడతాయి. పూత లేని గాజుతలం ఒక్కొక్కటి నూటికి సుమారు 4 పాళ్ళ వెలుగును వెనక్కి తిప్పుతుంది. ఆ బిళ్ళలు దీపాన్నీ బొమ్మ కేంద్రాన్నీ కలిపే సరళరేఖ మీద ఉంటాయి. దీపం ఎడమ పైమూలన ఉంటే వరుస కుడి కిందిమూలకు సాగాలి. ఎర్రగా పాకే వెలుగు మరకలు మరొక రకం. ఫిల్ము కెమెరా పెట్టె సందుల నుంచి వెలుగు చొరబడితే అటువంటి మరక పడేది. రంగు ఫిల్ములో ఎరుపును గ్రహించే పొర అన్నిటికన్న అడుగున ఉండడం చేత, వెనుక నుంచి వచ్చిన వెలుగు ముందుగా దాన్నే తాకేది. ఫిల్మే లేని ఫోనులో తీసిన పాఠానికి ఈ మరక ఎందుకో తెలియదు. పాతకాలపు వాసన కోసమైతే సరే.

ఇంతవరకు చెప్పినవి అందానికి సంబంధించిన లోపాలు. ప్రయోగం దగ్గరకు వచ్చేసరికి సంగతి తీవ్రమవుతుంది. జ్వాలా పరీక్షనే తీసుకోవచ్చు. ప్లాటినం తీగ కొనను రాగి లవణంలో ముంచి మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారుతుంది. సోడియం లవణమైతే పసుపు. ఒక ఉపాధ్యాయుడు రాగి పరీక్షను వీడియో తీసి, ఆకర్షణ కోసం నారింజ రంగు వెలుగు పొరను దాని మీద వేశాడనుకోవాలి. మంటలోని ఒక పిక్సెలులో ఎరుపు 60, ఆకుపచ్చ 190, నీలం 110 ఉన్నాయి. పై పొరలో అవే వరుసగా 170, 80, 0. స్క్రీన్ పద్ధతిలో కలిపితే ఎరుపు 190, ఆకుపచ్చ 210, నీలం 110 అవుతాయి. మంట పసుపు పచ్చగా మారింది. రీవ్స్ మంటకు పసుపు రంగు తెచ్చిన కూడికే ఇక్కడ రాగిని సోడియంగా చూపిస్తున్నది. ప్రయోగశాలలో వర్ణపటదర్శిని పెట్టి చూస్తే సోడియం పసుపు 589 నానోమీటర్ల దగ్గర గీతగా నిలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చలు కలిసిన పసుపు అక్కడ గీతను ఇవ్వదు. వీడియోలో ఆ పరీక్షకు అవకాశం లేదు. అందులో ఉన్నవి మూడు సంఖ్యలే, ఏ పసుపు ఎక్కడి నుంచి వచ్చిందో అవి చెప్పవు.

పొటాషియం విషయం మరీ విచిత్రం. దాని లేత ఊదా రంగును కొద్దిపాటి సోడియం పసుపు కూడా మింగివేస్తుంది. అందుకే ఆ మంటను నీలి కోబాల్టు గాజులోంచి చూడమని ప్రయోగ పుస్తకాలు చెబుతాయి. పసుపును తొలగించడానికి చేతిలో గాజుపలక పట్టుకొని, ఆ తరువాత వీడియోలో పసుపు వెలుగును కొని తెచ్చి అతికించడం ఎటువంటి పని!

అణువులను గురించిన పాఠం వెనుక బంగారు నలకలు తేలుతుంటే మరొక రకం చిక్కు వస్తుంది. పిల్లలు వాటిని అణువులనుకుంటారు. త్రసరేణువే కంటికి కనబడే వాటిలో చిన్నదన్న మాటలో ఎంతో వివేకం ఉన్నది, ఎందుకంటే ఆ తార్కికులు పరమాణువు దానికన్న ఇంకా చిన్నదనీ, కంటికి కనబడదనీ వెంటనే చెప్పారు. అలంకారంగా వేసిన నలకకు అటువంటి వివరణ ఏదీ తోడు రాదు. శీర్షిక వచ్చే నాలుగు సెకన్లలో ఎన్ని నలకలున్నా నష్టం లేదు. తీగ మంటను చేరిన క్షణం నుంచి బయటికి వచ్చేదాకా మాత్రం పై పొర, రంగు దిద్దుబాటు ఏదీ ఉండరాదు. పొర వేసిన ఇతర భాగాలలో ఆ సంగతి తెరమీద ఒక మాటగా చెప్పాలి. పొర వేయని అసలు వీడియోను విడిగా భద్రపరచాలి.

నలకలు తప్పక కావలసినవారు వాటిని కొనకుండా బడిలోనే తయారుచేసుకోవచ్చు. సాయంత్రం తలుపులు మూసిన గదిలో నల్లని గుడ్డ ఒకటి వేలాడదీసి, దానికి రెండు మూడు అడుగుల ముందు సుద్దముక్క దుమ్మును దులపాలి. టార్చిలైటు వెలుగు గుడ్డ మీద పడకుండా పక్కగా ఉండాలి. అసలు పాఠంలో కిటికీ ఏ వైపున ఉన్నదో టార్చి కూడా ఆ వైపునే ఉంటే పొర అతుకుతుంది. కెమెరా కదలకుండా బల్లమీద ఉండి, దాని ఎక్స్‌పోజరు మార్పులేకుండా బిగించి ఉంటే నలుపు నలుపుగానే నమోదవుతుంది. ఆ వీడియోను పాఠం మీద స్క్రీన్ పద్ధతిలో వేస్తే గుడ్డ మాయమై సుద్ద దుమ్ము మిగులుతుంది. నలకలు చాలినంతగా మెరవకపోతే దుమ్ము పెంచనక్కరలేదు, టార్చిని మరికొంత వెనక్కి, కెమెరాకు ఎదురుగా వచ్చేటట్లు జరిపితే సరిపోతుంది.